నడిపించు యంత్రము – నడచు మనిషి: ఒక విమర్శ

జంతుశాస్త్రము చదువుకొన్న ప్రతి విద్యార్థికిని బాహ్యాస్థిపంజరమనగా నేమో తెలియును. పీతకు, రొయ్యకు, తేలుకు ఎముకలు లోపల ఉండవు. గట్టి పెంకు పైననే ఉండును. ఆ పెంకునకు లోపలివైపున కండరములు అంటియుండి దానిని కదలించును. ఇటీవలి కాలమున ఈ పాతమాటకు క్రొత్త అర్థమొకటి వచ్చినది. వెన్నుపాము దెబ్బతిని కాళ్లు పడిపోయిన మనిషికి నడుము మొదలు పాదముల వరకు తొడుగదగిన చట్రమును నిర్మించి, దాని కీళ్లవద్ద విద్యుత్ మోటార్లను అమర్చి, దానికిని బాహ్యాస్థిపంజరమనియే పేరు పెట్టిరి. అయితే పీత పెంకును కదలించునది పీత కండరము. ఈ చట్రమును కదలించునది బ్యాటరీ. ఈ భేదము చిన్నదిగా కనబడును గాని, ఈ యంత్రములను గూర్చిన వాదములన్నిటికిని మూలము ఇక్కడనే ఉన్నది.

ఏండ్ల తరబడి కుర్చీకి అంటుకొనిపోయిన మనిషి ఇట్టి చట్రమును తొడుగుకొని లేచి నిలిచిన ఛాయాచిత్రములు పత్రికలలో తరచుగా వచ్చుచున్నవి. “రోబో సాయముతో పక్షవాతమును జయించిన యువకుడు” అను రీతి శీర్షికలను మన విద్యార్థులు చదువుచున్నారు. ఆ చిత్రము అబద్ధము కాదు. మనిషి నిలిచినమాట నిజము, అడుగులు పడినమాట నిజము. కాని చిత్రమును చూచి పాఠకుడు చేయు ఊహ నిజమా కాదా అనునది వేరు ప్రశ్న. ఇంటిలో ఒక మనిషికి నడుము విరిగినప్పుడు ఆ ఊహను నమ్మియే కుటుంబములు పొలము కుదువబెట్టుటయో, అప్పు తెచ్చుటయో జరుగును. కనుక యంత్రము ఏమి చేయగలదు, ఏమి చేయలేదు, ఏమి చేయగలదని ఇంకను రుజువు కాలేదు అను మూడు విషయములను వేరుచేసి చూచుట ఈ వ్యాసము ఉద్దేశము.

వెన్నుపాము – దాని దెబ్బ

వెన్నుపాము పెద్దవారిలో ఇంచుమించు 45 సెంటీమీటర్ల పొడవు, చిటికెనవ్రేలి లావు గల నాడీరజ్జువు. వెన్నుపూసల నడుమ సొరంగము వంటి మార్గమున మెదడు అడుగుభాగము నుండి బయలుదేరి, నడుము పైభాగముననే అది ముగియును. మెదడు ఇచ్చు ఆజ్ఞలు దీనిగుండా క్రిందికి పోవును. చర్మము, కండరములు, కీళ్లు పంపు వార్తలు దీనిగుండా పైకి వచ్చును. వెన్నుపూస విరిగి ఈ రజ్జువును నలిపినచో, నలిగినచోటికి దిగువనున్న భాగములకు మెదడుతో సంబంధము తెగిపోవును. మెడవద్ద దెబ్బ తగిలిన కాళ్లు చేతులు నాలుగును, రొమ్ము వెనుకగాని నడుముపైనగాని తగిలిన కాళ్లు మాత్రమును పడిపోవును. మలమూత్రములపై అదుపు, చర్మమునకు స్పర్శజ్ఞానము, రక్తపు పోటును సర్దుకొను శక్తి కూడ దీనితోనే పోవుట కలదు. చూచువారికి కాళ్లు మాత్రమే కనబడును. రోగిని బాధించునవి చాలవరకు కనబడని ఈ నష్టములే.

వైద్యులు ఈ దెబ్బలను ఏ, బీ, సీ, డీ, ఈ అను ఐదు తరగతులుగా విభజింతురు. ఏ తరగతిలో దెబ్బకు దిగువన, రజ్జువు చిట్టచివరి భాగము వరకు, చలనము గాని స్పర్శ గాని మిగులదు. బీ తరగతిలో స్పర్శ కొంత మిగిలి చలనము ఉండదు. సీ తరగతిలో చలనము కొంత ఉండును గాని కండరములలో ఎక్కువభాగము బలహీనముగా ఉండును. డీ తరగతిలో కండరములలో సగమైనను గురుత్వాకర్షణకు ఎదురుగా అవయవమును ఎత్తగల బలము కలిగియుండును. ఈ తరగతి అనగా పరీక్షలో లోపమేమియు కనబడనిది. ఏ తరగతి వారికిని డీ తరగతి వారికిని భవిష్యత్తు ఒక్కటి కాదు. కాని పత్రికావార్తలో ఇద్దరును “వెన్నుపాము దెబ్బతిన్నవారు” అను ఒక్క మాటలో కలిసిపోవుదురు. మొదటి పొరపాటు ఇక్కడ జరుగుచున్నది.

క్రీస్తుపూర్వము సుమారు 1600 నాటి ఈజిప్టు వైద్యగ్రంథ మొకటి ఈ దెబ్బను చికిత్సకు లొంగనిదిగా లెక్కించినది. ఇరువదవ శతాబ్ది మధ్యభాగము వరకు వైద్యుల అభిప్రాయము అంతకన్న ఎక్కువ మారలేదు. ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో 1944లో లుడ్విగ్ గుట్మన్ అను వైద్యుడు ఈ రోగులకొరకు ప్రత్యేక విభాగమును ప్రారంభించి, రెండు గంటలకొకమారు రోగిని ప్రక్కకు త్రిప్పుట, మూత్రకోశమును శుభ్రముగా కాపాడుట, ఆటలు ఆడించుట, పని నేర్పుట అను క్రమమును స్థాపించెను. వాడిన సాధనములు సామాన్యమైనవి. దక్కిన ప్రాణములు లెక్కకు మిక్కిలి. 1948లో ఆయన పదునారుగురితో నడపిన పోటీలే నేటి పారాలింపిక్ క్రీడలకు బీజము.

వెన్నుపాము నేర్చుకొనునా?

నడిపించు యంత్రములకు ఆధారమైన శాస్త్రభావము గట్టిది. మెదడు ఆజ్ఞ లేకుండనే కొన్ని పనులు వెన్నుపాము స్వయముగా చేయగలదని అసంకల్పిత ప్రతీకార చర్యను గూర్చిన పాఠములో విద్యార్థులు చదువుదురు. 1911లో గ్రాహం బ్రౌన్ అను శాస్త్రజ్ఞుడు, మెదడుతో సంబంధము తెగిన పిల్లి వెన్నుపాము నడకను పోలిన లయను తనంతట తానే పుట్టింపగలదని చూపెను. 1980 తరువాతి సంవత్సరములలో కెనడాలో బార్బో, రాసిన్యోల్ అనువారు వెన్నుపాము కోసిన పిల్లులను కదలుచున్న పట్టీపై అభ్యాసము చేయించి, వాని వెనుక కాళ్లు తిరిగి బరువు మోయుచు అడుగులు వేయునట్లు చేసిరి. నిలుచుట నేర్పిన పిల్లి నిలుచుటను, నడక నేర్పిన పిల్లి నడకను నేర్చినదని తరువాతి ప్రయోగములు తెలిపినవి. అనగా వెన్నుపాము అభ్యాసము చేసినదానినే నేర్చుకొనును.

దీనినుండి ఒక ఆశ పుట్టినది. మనిషిని పైనుండి పట్టీలతో వ్రేలాడదీసి, శరీరభారమును కొంత తగ్గించి, ట్రెడ్‌మిల్లుపై కాళ్లను అడుగులు వేయించినచో అతని వెన్నుపాము కూడ నడక నేర్చుకొనదా? 1990 తరువాత జర్మనీలోను, అమెరికాలోను ఈ శిక్షణ విరివిగా జరిగినది. ఒక్క రోగికి ఇద్దరు ముగ్గురు సహాయకులు క్రింద కూర్చుండి కాళ్లను చేతులతో కదలింపవలసి వచ్చెను. వారి నడుములు నొప్పిపెట్టెడివి. అరగంటకు మించి సాగుట కష్టము. ఈ శ్రమను యంత్రమునకు అప్పగింపవలెనన్న ఆలోచననుండి స్విట్జర్లండులోని జూరిచ్ నగరమున గెరీ కొలంబో బృందము ‘లోకోమాట్’ అను యంత్రమును నిర్మించినది. దానిని గూర్చిన వర్ణన 2000 సంవత్సరమున ప్రచురితమైనది.

తొడుగుకొని నేలపై తిరుగదగిన యంత్రముల కథ వేరు. బెల్‌గ్రేడ్‌లో వుకోబ్రతోవిచ్ బృందము 1970 ప్రాంతముననే కాళ్లు పడిపోయినవారికొరకు ఇట్టి చట్రములను ప్రయత్నించినది. నాటి మోటార్లు, బ్యాటరీలు అందుకు చాలలేదు. తేలికయైన బ్యాటరీలు, చిన్న గణనయంత్రములు వచ్చిన పిదపనే ఆ ఆలోచనకు ప్రాణము వచ్చినది. ఇజ్రాయెల్‌కు చెందిన ఇంజనీరు అమిత్ గోఫర్ 1997లో జరిగిన ప్రమాదమున కాళ్లు చేతులు చచ్చుపడగా, తరువాత ‘రీవాక్’ అను చట్రమును రూపొందించెను. దానిని వాడుటకు చేతులలో బలము కావలెను గనుక, నిర్మాత దానిని తాను వాడుకొనలేకపోయెను. 2014లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానిని ఇంటియందు వాడుటకు అనుమతించినది. 2016లో ఎక్సో, ఇండెగో అను యంత్రములకును, 2017లో జపానులో సంకాయ్ నిర్మించిన ‘హాల్’ అను యంత్రమునకును అక్కడ అనుమతి లభించెను. మన దేశములో కేరళకు చెందిన జెన్‌రోబోటిక్స్ సంస్థ ‘జీ-గైటర్’ అను నడక శిక్షణ యంత్రమును తయారుచేసినది. పెద్ద నగరములలోని కొన్ని పునరావాస కేంద్రములలో ఇట్టి యంత్రములు నేడు కనబడుచున్నవి.

‘నడక’ అను మాటకు మూడర్థములు

ఈ యంత్రములను మెచ్చుకొనువారును నిందించువారును ‘నడక’ అను ఒకే మాటను మూడు వేర్వేరు అర్థములలో వాడుచున్నారు.

మొదటిది, యంత్రము తొడుగుకొని ఉన్నంతసేపు నడచుట. ఇందు రోగి కాలి కండరము పనిచేయనక్కరలేదు. శరీరమును ముందుకు వంచగా చట్రములోని సెన్సరు ఆ వంపును గ్రహించి, తుంటివద్దను మోకాలివద్దను గల మోటార్లను త్రిప్పును. పడకుండ నిలుపు పని మాత్రము రోగి చేతులది. రెండు చేతులకును కర్రలుండవలెను. చట్రమును విప్పగానే నడక ముగియును. కంటి అద్దములు తీసివేసిన చూపు మసకబారినట్లే ఇదియు.

రెండవది, యంత్రముతో కొన్ని వారములు అభ్యాసము చేసి, దానిని విప్పిన తరువాత స్వయముగా నడచుట. ఇది చికిత్స. కండరములో కొంతైనను చలనము మిగిలిన సీ, డీ తరగతులవారికి ఈ అర్థమే ముఖ్యము.

మూడవది, వ్యాయామముగా నడచుట. నిలిచియుండుటచేత ప్రేగుల కదలికకు, కాళ్ల బిగుతునకు, మనస్సునకు మేలు కలుగునా అను ప్రశ్న ఇందులోనిది.

ఒక అర్థములో రుజువైన దానిని వేరొక అర్థమునకు అప్పు తెచ్చుటయే ఈ విషయమున జరుగుచున్న పెద్ద దోషము. ఛాయాచిత్రము మొదటి అర్థమును చూపును. శీర్షిక రెండవ అర్థమును స్ఫురింపజేయును. చదువరి జేబు ఆ రెండవ అర్థమును నమ్మి తెరచుకొనును.

పరీక్షలు చెప్పినదేమి?

మొదటి అర్థముతో ప్రారంభింతము. లూయీ మొదలగువారు 2015లో ప్రచురించిన సమీక్షలో, ఇట్టి చట్రములు తొడిగిన 84 మంది నడకవేగము సగటున సెకనుకు 0.26 మీటరుగా తేలినది. విద్యార్థులు లెక్కవేసి చూతురుగాక: ఈ వేగమున ఒక కిలోమీటరు పోవుటకు 64 నిమిషములు పట్టును. ఆరోగ్యవంతుడు సెకనుకు 1.3 మీటర్ల వేగమున 13 నిమిషములలో పోవును. వీధిలో స్వతంత్రముగా తిరుగుటకు సెకనుకు 0.44 మీటరైనను కావలెనని ఆ సమీక్షకులే ఒక కొలతను పేర్కొనిరి. 2012లో ఇంగ్లండులో క్లేర్ లోమాస్ అను మహిళ ఇట్టి చట్రముతో లండన్ మారథాన్ దూరమును పూర్తిచేసెను. అది నిజమైన సాహసము; దానికి రెండు వారములకు పైగా పట్టినది. ఇది ఆమె పట్టుదలకు కొలతయే గాని, నిత్యజీవితమున యంత్రము ఉపయోగమునకు కొలత కాదు.

మిల్లర్ మొదలగువారు 2016లో 14 పరిశీలనలను, 111 మంది రోగులను కలిపి చూచిరి. నూటికి 76 మంది ఇతరుల చేయూత లేకుండ చట్రముతో నడువగలిగిరి. ఇది మెచ్చుకొనదగిన ఫలితము. అందులోనే నూటికి మూడు నాలుగు చొప్పున ఎముకలు విరిగినట్లు కూడ ఉన్నది. కదలని కాళ్లలో ఎముకలు గుల్లబారును. బరువు హఠాత్తుగా పడిన విరుగును. అందుచేతనే చట్రమునకు అందరును తగరు. రీవాక్‌కు ఎత్తు 160 నుండి 190 సెంటీమీటర్ల లోపల, బరువు 100 కిలోగ్రాముల లోపల ఉండవలెను; చేతులకు భుజములకు బలముండవలెను; ఇంటియందు వాడునప్పుడు శిక్షణపొందిన తోడు మనిషి దగ్గరనుండవలెను. తోడు లేనిదే వాడరాని సాధనము స్వాతంత్ర్యమును ఎంతవరకు ఇచ్చునో పాఠకులే యోచింపవలెను.

రెండవ అర్థమునకు వత్తము. ఇక్కడ మన పెద్దలు చెప్పిన కాకతాళీయ న్యాయము జ్ఞప్తికి రావలెను. కాకి వచ్చి తాటిచెట్టుపై వ్రాలినది. అదే క్షణమున తాటిపండు రాలినది. కాకి వలననే పండు రాలెనని చూచినవాడు అనుకొనును. పండు అప్పటికే ముగ్గియున్న సంగతి అతనికి తెలియదు. వెన్నుపాము పూర్తిగా తెగని రోగులలో మొదటి మాసములలో చాలమందికి బలము సహజముగనే కొంత తిరిగివచ్చును. ఆ మాసములలోనే యంత్రశిక్షణ జరిగినచో కీర్తి యంత్రమునకు పోవును.

కాకిని పండునుండి వేరుచేయు ఉపాయము ఒక్కటియే. రోగులను చీట్లు వేసినట్లు రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమునకు క్రొత్త శిక్షణను, రెండవదానికి అంతే సమయము పాతశిక్షణను ఇచ్చి పోల్చుట. అమెరికాలోను కెనడాలోను డాబ్కిన్ నాయకత్వమున జరిగి 2006లో ప్రచురితమైన పరీక్ష ఇట్టిది. గాయమై ఎనిమిది వారములు దాటని 146 మంది ఇందులో పాల్గొనిరి. ఒక వర్గము పట్టీలకు వ్రేలాడుచు ట్రెడ్‌మిల్లుపై, రెండవ వర్గము నేలపై, పన్నెండు వారములు అభ్యసించిరి. సీ, డీ తరగతులవారిలో చాలమంది చక్కగా నడచిరి. అయితే రెండు వర్గములును సమానముగా నడచినవి! రెండవ వర్గమే లేకపోయినచో ఆ యశస్సంతయు ట్రెడ్‌మిల్లునకు దక్కియుండెడిది. ఈ పరీక్షలో కాళ్లను కదలించినవి మనుష్యుల చేతులు. కాని అది నేర్పిన పాఠము యంత్రములకును వర్తించును.

రోబోను నేరుగా పోల్చిన పరీక్ష ఫీల్డ్-ఫోట్, రోచ్ అనువారిది, 2011లో వెలువడినది. గాయమై చాలకాలము గడచి, చలనము కొంత మిగిలియున్న వారికి నాలుగు విధముల శిక్షణ నిచ్చిరి. నడచు దూరములో అందరికన్న ఎక్కువ లాభము పొందినవారు విద్యుత్ ప్రేరణ సాయముతో నేలపై నడచినవారు. రోబోతో అభ్యసించినవారి లాభము అల్పము. 2012లో మెర్హోల్జ్ మొదలగువారు ఐదు పరీక్షలను, 309 మందిని కలిపి చూచి, ఏ ఒక్క పద్ధతియు తక్కినవానికన్న మేలని చెప్పుటకు ఆధారము చాలదనిరి. 2020లో అమెరికా భౌతికచికిత్సకుల సంఘమునకు చెందిన నాడీవిభాగము, గాయమై ఆరుమాసములు దాటిన వారికి నడకవేగము, దూరము పెంచు ఉద్దేశముతో రోబో శిక్షణను ఇవ్వవలదనియు, శ్రమ అధికముగా నుండు నడక అభ్యాసమే మేలనియు సూచించినది.

మూడవ అర్థమున, మిల్లర్ సమీక్షలో కొందరు రోగులు ప్రేగుల కదలిక మెరుగైనదనియు, కాళ్ల బిగుతు తగ్గినదనియు చెప్పిరి. వారి మాట కొట్టివేయదగినది కాదు. కాని పోలిక వర్గముతో జరిగిన పెద్ద పరీక్ష అమెరికా మాజీసైనికుల ఆసుపత్రులలో 161 మందిపై జరిగి 2024లో ప్రచురితమైనది. సగముమందికి చక్రాల కుర్చీతోపాటు చట్రమును ఇంటికిచ్చిరి. తక్కినవారికి కుర్చీ మాత్రమే. నాలుగు మాసముల తరువాత మానసిక స్థితిలోగాని, మలమూత్రముల విషయమునగాని రెండు వర్గములకును చెప్పుకొనదగిన భేదము కనబడలేదు.

కారణమేమి?

మోటారు ఇంత బలముగా కాలిని కదలించుచుండగా నాడులు ఎందులకు నేర్చుకొనవు? జవాబు పిల్లుల ప్రయోగములలోనే దాగియున్నది: అభ్యసించినదే వచ్చును. పసిబాలుని చేతిని పట్టుకొని పలకపై ఉపాధ్యాయుడు అక్షరము దిద్దించుట మంచిదే. కాని బాలుడు చేతిని వదులుగా ఉంచి కిటికీలోనుండి చూచుచున్నచో, వేయిమారులు దిద్దించినను అక్షరము రాదు. యంత్రము కాలిని మోయుచున్నప్పుడు రోగి కండరము పని తగ్గించుకొనును. గుండె వేగమును, ఆమ్లజనిని వినియోగించుటయు తగ్గును. ప్రయత్నము లేనిచోట తప్పు జరుగదు. తప్పు జరుగనిచోట దిద్దుబాటు ఉండదు.

2012లో స్విట్జర్లండులో కూర్టీన్ బృందము ఎలుకలపై చేసిన ప్రయోగము దీనికి చక్కని నిదర్శనము. వెన్నుపాము దెబ్బతీసి, దానికి విద్యుత్ ప్రేరణయు మందులును ఇచ్చి, ఎలుకలను రెండు విధముల నడిపించిరి. ట్రెడ్‌మిల్లుపై యాంత్రికముగా నడచిన ఎలుకలు స్వయముగా అడుగు వేయలేకపోయినవి. పడకుండ మాత్రమే రోబో పట్టీ కాపాడుచుండగా, ఎదుటనున్న చాకొలెట్టుకొరకు తామై ముందుకు పోజూచిన ఎలుకలలో, దెబ్బతిన్నచోటిని చుట్టి క్రొత్త నాడీసంబంధములు ఏర్పడినవి. ఇక్కడ రోబో ఉన్నది. కాని అది కాలిని మోయలేదు, సంకల్పమునకు చోటిచ్చినది. యంత్రము దోషి కాదనియు, దానిని వాడు తీరులోనే గుణదోషములున్నవనియు దీనివలన తెలియుచున్నది.

పరీక్షలను కూడ పరీక్షింపవలెను

యంత్రమునకు వ్యతిరేకముగా చెప్పిన వాదములను కూడ అదే త్రాసులో తూచుట న్యాయము. ఆ పరీక్షలలో చాలవరకు వాడినవి తొలితరము యంత్రములు. అవి కాలిని ఒకే దారిన లాగెడివి. రోగి ప్రయత్నమును కొలిచి అవసరమైనంత మాత్రమే తోడుపడు యంత్రములు తరువాత వచ్చినవి. గాయమైన తొలి మాసములలో రోబో శిక్షణ కొంత అదనపు మేలు చేయునట్లు 2017లో వెలువడిన సమీక్ష ఒకటి సూచించినది. ఇంకొక సంగతి: సమానఫలితము వచ్చుట ఓటమి కానవసరము లేదు. ముగ్గురు సహాయకుల పనిని ఒక్కరితో జరిపించి అదే ఫలితమును ఇచ్చినచో, సహాయకులు అరుదైన దేశమున అదియు లాభమే. మన దేశములో మనిషి శ్రమ చౌక, యంత్రము ప్రియము గనుక ఈ లెక్క తలక్రిందులగుచున్నది.

యంత్రపక్షము వారి గొప్ప ప్రదర్శనలకును ఇదే త్రాసు. 2014 జూన్‌లో బ్రెజిల్ దేశపు సావో పాలోలో ప్రపంచ ఫుట్‌బాల్ పోటీల ప్రారంభమున, నికొలెలిస్ బృందము మెదడు తరంగములతో నడచు చట్రమును తొడిగించి, కాళ్లు పడిపోయిన యువకునిచే బంతిని తన్నించినది. టెలివిజనులో అది కొద్ది క్షణములు మాత్రమే కనబడినది. ఆ బృందము 2016లో ప్రచురించిన వ్యాసములో, ఏడాది శిక్షణ తరువాత ఎనిమిది మందిలో స్పర్శయు చలనమును కొంత తిరిగివచ్చినవనియు, నలుగురి తరగతి మారినదనియు ఉన్నది. ఏండ్లనాటి గాయములలో ఇది ఆశ్చర్యకరమే. కాని అందు పోలిక వర్గము లేదు, సంఖ్య ఎనిమిది. దీనిని శోధింపదగిన సూచనగా గ్రహింపవలెను గాని చికిత్సగా అమ్మరాదు.

శివ్వంపేట నుండి చూచినచో

మెదక్ జిల్లాలో నర్సాపూరు, తూప్రాను నడుమ శివ్వంపేట ఉన్నది. ఇట్టి తెలంగాణ పల్లెలలో వెన్నుపాము దెబ్బకు ప్రధానకారణములు మూడు: చెట్లు, గోడలు, పైకప్పుల నుండి పడుట, బావులలో పడుట, రహదారి ప్రమాదములు. వీనిలో గీత కార్మికుని కష్టము వేరు. మోకు, ముత్తాదులను నమ్ముకొని తాడిచెట్టు ఎక్కువాడు వానలో మట్ట జారిన అంతెత్తునుండి నేలపై పడును. నడుమువద్ద వెన్నుపూస చితికిన ఆ క్షణమునకు ఏ యంత్రమును పూర్తి సమాధానము కాదు.

ఆ కార్మికుని ఇంటికి చట్రము వచ్చినదని ఊహింతము. 2024లో అమెరికా ప్రభుత్వపు వైద్యబీమా ఒక చట్రమునకు నిర్ణయించిన వెల సుమారు 91 వేల డాలర్లు. ఆనాటి మారకపు రేటున 75 లక్షల రూపాయలకు పైమాట. చదునైన గచ్చుపై తిరుగుటకు చేసిన ఆ యంత్రమునకు మన గడపలు, మట్టిదారులు, మురుగుకాలువలు తగవు. మరమ్మతు చేయువాడు ఊరిలో ఉండడు. దీనికి ఎదురుగా మద్రాసు ఐ.ఐ.టి. 2019లో ‘అరైజ్’ అను కుర్చీని వెలువరించినది. కూర్చున్నవాడు తన చేతిబలముతోనే దానితోపాటు లేచి నిలువవచ్చును, మోటారు లేదు. నాడు చెప్పిన వెల సుమారు 15 వేల రూపాయలు. ఒక్క చట్రము వెలకు ఇట్టి కుర్చీలు ఐదువందలు వచ్చును. నిలుచుటవలన కలుగు మేలు ఎంతయున్నదో అందులో కొంత దీనివలనను దొరకును.

అంతకన్న ముందు కావలసినవి ఇంకను చౌకయైనవి. పడినవానిని కాళ్లు చేతులు పట్టి ఎత్తరాదు, కూర్చుండబెట్టరాదు, నీరు త్రాగించుటకు తల ఎత్తరాదు. తల, మెడ, వెన్ను ఒకే వరుసలో ఉండునట్లు నలుగురు కలిసి బల్లపైకో తలుపురెక్కపైకో చేర్చవలెను. 108కి కబురు చేయవలెను. ఆ అంబులెన్సు సేవ 2005లో మన హైదరాబాదులోనే ప్రారంభమైనది. సగము తెగిన వెన్నుపామును మోటుగా ఎత్తి పూర్తిగా తెంపుట జరుగవచ్చును. సీ తరగతి వాడు ఏ తరగతికి జారును. ఇంటికి వచ్చిన తరువాత పడక పుండ్లు, మూత్రకోశ వ్యాధులు ప్రాణము తీయును. రెండు గంటలకొకమారు ప్రక్కకు త్రిప్పుట, కుర్చీలో మాటిమాటికి చేతులపై బరువు మోపి లేచుట, శుభ్రమైన గొట్టముతో వేళకు మూత్రము తీయుట నేర్పుటకు లక్షలు అక్కరలేదు. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వము ‘కాటమయ్య రక్షణ’ పేర గీత కార్మికులకు పడకుండ కాపాడు సామగ్రిని పంచుట ప్రారంభించినది. పడిన తరువాత నడిపించు యంత్రముకన్న, పడనీయని త్రాడు గొప్ప విజ్ఞానము.

కుర్చీని ఓటమికి గుర్తుగా చూచు అలవాటు కూడ మనలో పోవలెను. వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో మేరీ వర్గీస్ అను వైద్యురాలు 1954లో కారు ప్రమాదమున నడుము క్రింది భాగము చచ్చుపడగా, చక్రాల కుర్చీనుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసెను. తరువాత న్యూయార్కులో శిక్షణ పొంది వచ్చి, అక్కడి పునరావాస విభాగమునకు తొలి అధిపతియై, 1966లో వేలూరులో పునరావాస సంస్థ వెలయుటకు మూలమయ్యెను. ఆమె పని కాళ్లకొరకు ఆగలేదు. కుర్చీ పోదగిన ద్వారము, వాలు బాట, చేయదగిన వృత్తి ఉండినచో ఇతరుల పనియు ఆగదు. మన ఉన్నత పాఠశాలలలో ఎన్నింటికి వాలు బాట ఉన్నదో ఉపాధ్యాయులు లెక్కింపవలెను.

వార్త చదువునప్పుడు అడుగవలసినవి

ఇట్టి వార్త తరగతిలోనికి వచ్చినప్పుడు విద్యార్థులచే ఐదు ప్రశ్నలు అడిగించుట మంచిది. ఒకటి: రోగి గాయము ఏ తరగతిది? రెండు: గాయమై ఎంతకాలమైనది? మూడు: కొలత యంత్రము తొడిగి తీసినదా, విప్పిన తరువాత తీసినదా? నాలుగు: అంతే సమయము వేరువిధముగా అభ్యసించిన పోలిక వర్గమున్నదా? ఐదు: సెకనుకు ఎన్ని మీటర్లు, మొత్తము ఎంత దూరము? ఈ ఐదింటికి జవాబు లేని వార్త చిత్రము వలె చూచి ఆనందింపదగినదే గాని, దానిని నమ్మి ఎకరము అమ్మదగినది కాదు.

ఈ యంత్రములపై పరిశోధన ఆగవలెనని దీని తాత్పర్యము కాదు. వెన్నుపాముపై విద్యుత్ ప్రేరణతో కొందరు రోగులు ఊతకర్రల సాయమున అడుగులు వేసినట్లు 2018లో మూడు చోట్లనుండి వార్తలు వచ్చినవి. ప్రేరణయు, ప్రయత్నమును మేల్కొల్పు రోబోయు కలిసినచో ఏమగునో రానున్న పరీక్షలు చెప్పవలెను. చలనము మిగిలిన రోగి తొలిమాసములలో, వైద్యుని సలహాపై, ఇతర అభ్యాసములతోపాటు రోబోను వాడుకొనుట తప్పు కాదు. పూర్తిగా తెగినవానికి అది నడక తిరిగి తెచ్చునని చెప్పి ధనము గుంజుట మాత్రము తప్పు. ఆశను కొలిచి ఇచ్చుట నేర్పునది విజ్ఞానశాస్త్రము. ఆ కొలబద్దను పిల్లల చేతికిచ్చు భారము ఉపాధ్యాయులది.